బొమ్మ చెప్పిన కథ (ఏడవ భాగము): ఓడ యెక్కనన్న నోవహు భార్య

గత భాగమున మనము కొండపల్లి బొమ్మల వీథిలో ఒక పూట గడిపితిమి. తెల్లపొణికి కర్రను కొండ దింపి ఆరబెట్టుట మొదలుకొని, అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి చేసిన మక్కుతో వానిని అతికి, సున్నపు పూత వేసి, సన్నని కుంచెతో కన్ను దిద్దు వరకు ఒక బొమ్మ ఎన్ని చేతుల మీదుగా సాగునో చూచితిమి. ఆ పని చేయు ఆర్యక్షత్రియులు తమ పూర్వులు రాజస్థానము నుండి వలస వచ్చిరని తరతరములుగా చెప్పుకొను వృత్తాంతమును వింటిమి. రెడ్డిరాజుల నాటి కోట గజపతులకును, రాయలకును, కుతుబ్‌షాహీలకును వశమైన క్రమమును నెమరువేసికొంటిమి. అయితే దశావతారముల పెట్టెను వర్ణించుచు నేనొక మాట అని, దానిని వివరింపకయే వ్యాసమును ముగించితిని. కొండపల్లి మత్స్యావతారము నవ్వుచుండునని అంటిని. ఈ భాగమంతయు ఆ నవ్వును గూర్చియే.

ఆ బొమ్మ ఇప్పుడు నా బల్లపై నున్నది. ఎత్తు జేనెడు లేదు. క్రింద చేప, పైన నాలుగు చేతుల స్వామి. పొలుసులు ఒక్కొక్కటిగా దిద్దినవి. తోక కొనయందు మాత్రము కుంచె తొందరపడినట్లు రంగు కొంచెము చెదరినది. స్వామి పెదవి ఒక ప్రక్క రవ్వంత పైకి లేచి యున్నది. దీనిని నాకు అమ్మిన వృద్ధుని నేను, "తాతా, ప్రళయ సమయమున ఈయన ఎందుకు నవ్వుచున్నాడు?" అని అడిగితిని. ఆయన మక్కు అంటిన వ్రేళ్లను పంచెకు తుడుచుకొనుచు, "నవ్వక ఏం చేస్తాడు బాబూ? పిల్లలున్న ఇంటికి పోయేవాడు గదా!" అనెను. నేను ఆ వీథి దాటి ఇబ్రహీంపట్నము రోడ్డు చేరు వరకు ఆ మాటనే తలచుకొంటిని.

ప్రళయజలము, దానిపై నొక నావ, నావలో సర్వబీజములు, ఒక సత్పురుషుడు: ఈ కథ మనకు సత్యవ్రతుని పేరను, యూదులకును క్రైస్తవులకును నోవహు పేరను, ముసల్మానులకు నూహ్ ప్రవక్త పేరను పరిచితము. మన కథలో చేపయే చుక్కాని పట్టును. నోవహు కథలో దేవుడు ఓడ కొలతలను మూరలతో సహా చెప్పి కట్టించును. ఇంత భయంకరమైన కథను, లోకమంతయు మునిగిపోవు కథను, ఒకానొక కాలమున ఇంగ్లండు దేశపు పురజనులు కడుపుబ్బ నవ్వుచు చూచెడివారన్నచో పాఠకులు విస్మయపడవచ్చును. బైబిలు కథకు హాస్యమును జోడించి బొమ్మకట్టిన వారి చరిత్ర అక్కడ మొదలిడుట ఉచితము.

పదునాల్గవ, పదునైదవ శతాబ్దములలో యార్కు, చెస్టరు మొదలగు నగరములందు ఏటేట వేసవిలో సృష్టి మొదలు అంత్యతీర్పు వరకు బైబిలు కథలన్నియు చక్రముల బండ్లపై నాటకములుగా ప్రదర్శింపబడెడివి. యార్కులో ఈ వేడుక జరుగు దినమున నటులు తెల్లవారుజామున నాలుగున్నరకే సిద్ధముగా నుండవలెనని కట్టడి. ఒక బండి ఒక కూడలిలో తన కథను ఆడి ముందుకు కదలగా, వెనుకబండి వచ్చి ఆ స్థలము నాక్రమించును. జనులు నిలుచున్నచోటనే నిలుచుండగా చరిత్ర వారి ముందర తునకలు తునకలుగా సాగిపోవును. నేటి బొమ్మలకథలో ఒక గడి తరువాత ఒక గడిని కన్ను దాటుచు పోవుటకును దీనికిని గల పోలిక నన్ను ఎప్పుడును ఆకర్షించుచునే యుండును. అక్కడ గడులకు చక్రములుండెను, అంతియ భేదము.

ఈ నాటకములను ఆడినవారు పండితులు కారు, వృత్తిపనివారు. యార్కులో ఓడ కట్టు ఘట్టము ఓడలు కట్టు వడ్రంగులది. జలప్రళయ ఘట్టము జాలరులది, నావికులది. చెస్టరులో ప్రళయమును ప్రదర్శించు హక్కు డీ నది నుండి నీరు తోడి నగరమునకు మోయువారికి దక్కెను. దినమెల్ల నీటిలో నానువారే నీటి కథ చెప్పిరి. ఉలి పట్టినవాడు నోవహు వేషము కట్టి, "నేను ముసలివాడను, నాకు ఈ పని వచ్చునా" అని మొరపెట్టుకొన్నచో, ఆ మొరలోని హాస్యము ఎదుట నున్న వడ్రంగులకు వేరొకరు బోధింపవలసిన దేముండును?

అందరికంటె మిన్నగా నవ్వించినది నోవహు భార్య. మూలగ్రంథమున ఆమెకు పేరైనను లేదు, ఒక్క పలుకైనను లేదు. భర్త వెంట ఓడ యెక్కెనని మాత్రమే యున్నది. ఆ నిశ్శబ్దమును పురజనులు సహింపలేకపోయిరి. వేక్‌ఫీల్డు నాటకమున ఆమె రాట్నము ముందర పెట్టుకొని గుట్టపై కూర్చుండి, ఈ నూలు వడకుట పూర్తియగు వరకు కదలనని భీష్మించును. మొగుడును పెండ్లమును కలియబడి కొట్టుకొందురు. నీరు దగ్గరకు వచ్చిన తరువాత గాని ఆమె లేవదు. చెస్టరు నాటకమున ఆమె పట్టుదల వేరు. తన ఇరుగుపొరుగు నేస్తురాండ్రను విడిచి రానని, వారు తనను ఎంతయో ప్రేమించువారని, వారు మునిగిపోవుచుండగా తానొక్కతె ఓడ యెక్కనని ఆమె వాదము. కొడుకులు తల్లిని ఎత్తి తెచ్చి ఓడలో పడవేయుదురు. లోపలకు వచ్చీ రాగానే ఆమె నోవహు చెంప ఛెళ్లుమనిపించును. జనులు గొల్లున నవ్వెడివారట.

ఈ ఘట్టమును నేను తొలుత చదివినప్పుడు నవ్వితిని. 2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగరు వీథులలో పడవలు తిరిగిన తరువాత మరల చదివితిని. నీటిలో మునిగిన ఇంటి మేడపై నిలుచుండి, ప్రక్కింటి వారిని ముందు ఎక్కించుకొమ్మని, లేదా ఇల్లు విడిచి రానే రానని, పడవవారితో తగవులాడిన ముసలమ్మలను ఎరుగని బెజవాడ కుటుంబ మేది? 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయినప్పుడు బ్రతికినవారు జీవితాంతము తలచుకొన్నది ప్రక్కయింటి వారినే. చెస్టరు నీటిమోతగాండ్రు నోవహు భార్య చేత నవ్వించుచు, గ్రంథము పలుకని ఒక దుఃఖమును ఆమె నోట పలికించిరి. నవ్వు కథను తేలిక చేయలేదు. కథ ఎక్కడ బరువో అక్కడ వ్రేలుంచి చూపినది.

అయినను, హాస్యము నాటకకర్తలు వెలుపలి నుండి తెచ్చిన దినుసు మాత్రమే కాదు. బైబిలునందే అది గలదు. వృద్ధాప్యమున బిడ్డ పుట్టునని విని శారా లోలోన నవ్వెను. పుట్టిన బిడ్డకు పెట్టిన ఇస్సాకు అను పేరునకు అర్థము నవ్వు అనియే. కోపముతో గాడిదను కొట్టిన బిలామునకు ఆ గాడిదయే నోరు తెరచి న్యాయము చెప్పెను. దానితో అతడు వాదమునకు దిగుట ఇంకను వింత. దేవుడు నీనెవె పట్టణమును క్షమించెనని యోనా అలిగి, తనకు నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోయినందుకు చావు కోరుకొనెను. పొట్టివాడైన జక్కయ్య, సుంకరులకు పెద్దయై యుండియు, గుంపులో యేసు కానరానందున చిన్నపిల్లవానివలె మేడిచెట్టు ఎక్కెను. తాటిచెట్టునకు కరచుకొనియున్న కొండపల్లి గీతకాని బొమ్మను చూచినప్పుడెల్ల నాకు ఈ జక్కయ్య జ్ఞప్తికి వచ్చుచుండును: ఆ కాళ్లముడి అదే, పైకెత్తిన మెడ అదే, క్రిందివారు ఏమనుకొందురో అను చింత లేకుండుటయు అదియే.

బండి నాటకములు చిరకాలము నిలువలేదు. మతసంస్కరణ వచ్చిన పిమ్మట పవిత్రకథను వేషము కట్టి ఆడుట అధికారులకు కంటగింపయ్యెను. యార్కులో 1569తోను, చెస్టరులో 1575తోను ఆ వేడుక ముగిసెను. కాగితముపై మాత్రము బొమ్మ సాగుచునే యుండెను. అంతకుమున్నే, పదునైదవ శతాబ్దమున, జర్మనీ, నెదర్లాండు ప్రాంతములందు చెక్క అచ్చులతో ముద్రించిన "పేదల బైబిలు" అను బొమ్మల పుస్తకములలో ప్రవక్తల చేతులనుండి మాటలు వ్రాసిన పట్టీలు వ్రేలాడుచుండెను. నేటి బొమ్మలకథలలోని మాటల బుడగకు పూర్వరూపములు అవియే. 1830 ప్రాంతమున జెనీవాలో రొడోల్ఫ్ టోఫ్ఫర్ అను ఉపాధ్యాయుడు తన శిష్యుల వినోదమునకై గడుల వరుసలో హాస్యకథలు గీసెను. పట్టీయు, గడియు, హాస్యమును సమకూడినవి. ఇక బైబిలు కథ ఆ గడులలోనికి వచ్చుట యొక్కటే మిగిలెను. అది వచ్చిన తీరు మాత్రము సంతోషకరము కాదు.

ఫ్రాన్సు దేశమున ప్రజాప్రభుత్వ వాదులకును కథోలిక గురువులకును పాఠశాలలపై పెత్తనమునకై ఘోరమైన పోరు సాగుచున్న దినములవి. లియో టాక్సిల్ అను కలం పేరు గల రచయిత బాల్యమున జెసూటు గురువుల పాఠశాలలలో చదివి, వారిపై తీరని కక్ష పెంచుకొన్నవాడు, 1882 ప్రాంతమున "వినోదాల బైబిలు" అను అర్థము వచ్చు పేరుతో ఒక పరిహాస చిత్రగ్రంథమును వెలువరించెను. అందలి బొమ్మలు నవ్వించును గాని ఆ నవ్వులో చేదుండును. పితరులందరును మోసగాండ్రుగను, దేవుడు ముక్కోపిగను, చదువరి వీరందరికంటె తెలివిగలవాడుగను అందు తీర్చబడిరి. ఆ టాక్సిలే 1885లో మనసు మారెనని ప్రకటించి మతమున మరల చేరి, పండ్రెండేండ్లు ఫ్రీమేసనుల గూర్చి కట్టుకథలు వ్రాసి భక్తులను నమ్మించి, 1897లో పారిసునందు సభ చేసి అదంతయు బూటకమేనని తానే చెప్పెను. ఆ గ్రంథపు బొమ్మలు నాకు రుచింపవు. పోరాటము న్యాయమైనదే కావచ్చును. అయినను ఆ గ్రంథమున నోవహు భార్య వంటి వ్యక్తి ఒక్కతెయు లేదు.

ఆ దేశముననే, ఇంచుమించు డెబ్బదియేండ్లకు, ఒక చిత్రకారుడు అదే కథను చేపట్టెను. ఫ్రాన్స్వా లెజ్యూన్ అను నతడు తన పేరులోని పొడి అక్షరములనే కలిపి జాఁ ఎఫెల్ అని కలం పేరు పెట్టుకొనెను. ఇతడును వామపక్షమువాడే. 1951 నుండి సంపుటములుగా వెలువడిన ఇతని "లోకసృష్టి" చిత్రములలో దేవుడు తెల్లని అంగీ తొడిగిన గడ్డపు తాత. చిన్నచిన్న దేవదూతలు పనివాండ్రవలె చుట్టును తిరుగుచుందురు. సైతాను మూలనుండి పని చెడగొట్ట జూచుచుండును. తాత తాను చేసిన ప్రతి జంతువును చూచి మురిసిపోవును, ఒక్కొక్కప్పుడు తడబడును, దిద్దుకొనును. కార్ఖానాలో ఒక శిల్పి పనిచేయుటను చూచినట్లే యుండును. 1957లో చెకోస్లొవేకియా దేశమున ఎడ్వర్డ్ హాఫ్‌మన్ ఆ బొమ్మలను కదలుబొమ్మల చలనచిత్రముగా తీసెను. ఎఫెల్ నాస్తికుడైనను ఆ తాతను ప్రేమించెననుటకు ఆతని గీతయే సాక్ష్యము. మత్స్యావతారపు పెదవి దిద్దిన మన కొండపల్లి వృద్ధుడు ఆ పుటలు తిరుగవేసినచో, ఆ గడ్డపు తాతను తన వృత్తివానిగనే గుర్తించి యుండును.

అమెరికాలో కథ మరియొక దారిని నడచెను. బొమ్మలకథల పుస్తకములు బాలురను చెరచుచున్నవని తల్లిదండ్రులును, గురువులును మొరపెట్టుచున్న కాలమున, 1942లో మాక్స్‌వెల్ గెయిన్స్ అను ప్రచురణకర్త బైబిలు కథలను గడులలో ప్రకటింప నారంభించెను. ప్రొటెస్టంటు, కథోలిక, యూదు మతాచార్యులు ఆయనకు సలహాదారులు. హాస్యమునకు అందు తావు లేదు. ఆ పుస్తకములను ఆధారముగా చేసికొనియే ఆయన విద్యాసంబంధమైన బొమ్మలకథల సంస్థ నొకదానిని స్థాపించి, 1947లో పడవ ప్రమాదమున మరణించెను. కుమారుడు విలియం గెయిన్స్ ఆ సంస్థను వినోదపు దారి పట్టించెను. అందుండియే 1952లో "మ్యాడ్" అను హాస్యపత్రిక పుట్టెను. తండ్రి బైబిలు కొరకు కట్టిన ఇంటియందే కొడుకు లోకమునంతయు నవ్వించెను.

భక్తుడు గీసినంత మాత్రమున ఎవరికిని నొప్పి కలుగదని తలపరాదు. 1958 నుండి "బి.సి." అను ఆదిమానవుల హాస్యచిత్రమును దినపత్రికలలో నడపిన జానీ హార్ట్ దృఢమైన క్రైస్తవ విశ్వాసి. 2001 ఈస్టరు నాటి చిత్రమున ఆయన యూదుల ఏడుదీపముల స్తంభము ఒక్కొక్క జ్వాల ఆరుచు, చివరకు సిలువగా మారుటను గీసెను. ఆయన దానిని స్తుతిగా భావించెను. యూదులకది తమ మతమునకు కాలము చెల్లినదని ఎత్తిపొడిచినట్లు తోచెను. నిరసనలు చెలరేగెను. బొమ్మ గీసినవాని హృదయమొక్కటి చాలదు. ఆ దీపములు ఎవరి ఇంటివో కూడ గీయువాడు తలచుకొనవలసియుండును.

మన తెలుగునాట ఈ తారతమ్యమును తెలుపుటకు చక్కని మాటయే యున్నది: నిందాస్తుతి. కృష్ణాతీరమున దివిసీమ కవి కాసుల పురుషోత్తముడు శ్రీకాకుళపు ఆంధ్రవిష్ణువును ఒక శతకమంతయు ఎగతాళి చేయుచునే కొలిచెను. రామదాసు చెరసాలనుండి రాముని లెక్కలడిగెను. తోలుబొమ్మలాటలో లంక తగులబడుచున్న నడుమ కేతిగాడును, బంగారక్కయు తెరపైకి వచ్చి మొరటు సరసములాడుదురు. ఎవరును లేచిపోరు, తరువాత సీతమ్మ వారు కంటతడి పెట్టినప్పుడు ఆ నవ్వినవారే ఏడ్చుదురు. మన ఇంటి దేవునితో మనకు ఆ చనువు కలదు. నోవహు భార్యయు, ఎఫెల్ తాతయు నిందాస్తుతి కోవలోని వారు. టాక్సిల్‌ది నింద మాత్రమే.

మరి అట్టి చనువు గల నేలయందు బైబిలు కథ గడులలో నవ్వుచు ఏల రాలేదు? అది ఇచటికి వచ్చిన త్రోవను చూచినచో కారణము బోధపడును. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డేగ్రాంజ్ అను మిషనరీలు ఆనందరాయరు తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయ మొదలిడిరి. 1841లో మచిలీపట్టణమున దిగిన రాబర్టు నోబుల్ రెండేండ్లకు పాఠశాల తెరచి, అగ్రవర్ణముల బాలురకు ఇంగ్లీషుతోపాటు బైబిలును చెప్పెను. 1852లో విద్యార్థు లిద్దరు జ్ఞానస్నానము పొందినంతనే పట్టణము అట్టుడికినట్లుడికి, బడి నుండి పిల్లలను తలిదండ్రులు లాగికొని పోయిరి. బైబిలు కథ మన డెల్టాలో తొలినాట వాదములకు ఆయుధము. ఆయుధము పట్టిన చేయి సరసమాడదు. పిమ్మట అది మాలపల్లెలకును, మాదిగపల్లెలకును చేరి, తరములుగా గుడి వాకిట నిలువనీయని వారికి తలయెత్తు ధైర్యము నిచ్చిన గ్రంథమయ్యెను. అట్టి గ్రంథమును ఊరిలోనివాడు పరిహసించినచో అది పల్లెను పరిహసించుటయే యగును. పల్లెవాడు తానే నవ్వుటకో, ముందు ఆ గ్రంథము తనదను నిశ్చింత కావలెను. జాషువ కవి "క్రీస్తు చరిత్ర" వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము నందినాడు. ఆ కావ్యము కరుణరసమున మునిగిన దగుట సహజము.

అయితే ఆ నిశ్చింత వచ్చెను, వచ్చిన చోటు పత్రిక కాదు, పందిరి. బుర్రకథయందు కథకుని కిరువైపుల గుమ్మెటలు పట్టి నిలుచు వంతలలో ఒకడు హాస్యగాడని పాఠకు లెరుగుదురు. షేక్ నాజరు వంటి మహాకళాకారులు ఆ ప్రక్రియను ఊరూర మ్రోగించిన పిదప, క్రైస్తవ పల్లెలును దానిని తమదిగా చేసికొని, దావీదు కథయు, యోనా కథయు, తప్పిపోయిన కుమారుని కథయు చెప్పించుకొన సాగెను. చాల ఏండ్ల క్రిందట, కొండపల్లికి దగ్గరి పల్లె యొకదానిలో, క్రిస్మసు ముందటి చలిరాత్రి నేను అట్టి కథ నొకదానిని వింటిని. కథకుడు నోవహు ఓడలోనికి జంతువులను జతజతలుగా ఎక్కించుచు, ఏనుగు ఎక్కె, గుర్రమెక్కె అని తాళము పట్టుచుండగా, హాస్యపు వంత గుమ్మెట ఆపి, "అన్నా, దోమల్ని గూడా ఎక్కించాడా?" అనెను. "ఎక్కించాడు తమ్ముడా!" "ఆ ఒక్క జతా దింపేసుంటే మన కొండపల్లి హాయిగా నిద్రపోయేది గదన్నా!" చాపలపై కూర్చున్న ముసలివారును, తల్లుల ఒడిలోని పిల్లలును, ముందు వరుసలో దుప్పటి కప్పుకొనియున్న పాస్టరుగారును ఒక్కుమ్మడిగా నవ్విరి. ఆ నవ్వు ఆరకమునుపే కథకుడు గొంతు తగ్గించి, ఓడ తలుపు మూతపడుట చెప్పెను. వెలుపల నిలిచిపోయిన వారి పేర్లుగా ఆ పల్లెలో వాడుకలో నున్న పేర్లనే చెప్పెను. పందిరి నిశ్శబ్దమైపోయెను.

చెస్టరు నీటిమోతగాండ్రను గూర్చి నాకు అప్పటికి తెలియదు. తెలిసిన తరువాత, ఆ వంత గుమ్మెట ఆపిన క్షణము మరల మరల మనసున మెదలుచున్నది. తెలుగు బైబిలు హాస్యచిత్రము ఏ పత్రికయందో ఉండవలెనని వెదకుచున్న నాకు, అది గీత లేకుండ, గడులు లేకుండ, పెట్రోమాక్సు వెలుగున ఎదుటనే నడచినది.

ఇక గీతయు గడియు తెలుగువారికి ఎట్లు లభించెనన్నది మిగిలిన ప్రశ్న. కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన "భారతి" పుటలలో తలిశెట్టి రామారావు అను న్యాయవాది వ్యంగ్యచిత్రములు గీసి తొలి తెలుగు కార్టూనిస్టుగా పేరొందెను. కొంతకాలమునకు నరసాపురములో పుట్టిన ఒక బాలుడు మద్రాసు చేరి, రాముని గీసిన కుంచెతోనే బుడుగును గూడ గీసెను. దేవతలకును అల్లరి పిల్లలకును ఒకే గీత చాలునని బాపు ఎట్లు కనుగొనెనో, తలిశెట్టివారి మీసాల పెద్దమనుషుల నుండి ఆ గీత ఎంత దూరము నడచి వచ్చెనో, వచ్చు భాగమున "భారతి" పాత సంచికలను ముందు పెట్టుకొని చూతము.